40 జీబీ డ్రమ్ కిట్లు ఉన్నాయి, పాట ఒక్కటీ లేదు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సిద్దిపేట పక్కన ఒక ఊరు. ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్ (ఎనిమిది ప్యాడ్ల ఎలక్ట్రానిక్ డ్రమ్) వాయిస్తాను, పెళ్లిళ్లు, నవరాత్రుల ప్రోగ్రాములు. ఇంట్లోనే జానపద పాటలకు ట్రాకులు చేద్దామని 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, 25 కీల చిన్న మిడీ కీబోర్డు (ఏ కీ ఎంత గట్టిగా కొట్టామో ల్యాప్‌టాప్‌కు చెప్పేది) కొన్నాను. మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ వేశాను. వీడియోలు చూసి డ్రమ్ కిట్లు, అంటే డ్రమ్ సౌండ్ల ఫైళ్లు, డౌన్‌లోడ్ చేస్తూ పోతే 40 జీబీ అయ్యాయి. కీ కొడితే సౌండు ఆలస్యంగా వస్తోంది. బీటు వేస్తే మెషిన్ వాయించినట్టు ఉంటోంది. తీన్మార్ అసలు కుదరట్లేదు. ఏ డ్రమ్ శాంప్లర్ మంచిది? మా డప్పు సౌండు అందులో పెట్టుకోవచ్చా? పాత సినిమా పాటల్లోంచి బీటు కట్ చేసి వాడితే తప్పా? ప్యాడ్ కంట్రోలర్ కూడా కొనాలంటున్నారు, కొనమంటారా?

సమాధానం: తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒకటి చెప్పు, చెవుల్లో ఏం పెట్టుకుని వింటున్నావు? నువ్వు రాయలేదు గానీ బ్లూటూత్ బడ్స్ అయ్యుంటాయని నా అనుమానం. అదే అయితే నీ ఆలస్యం కష్టాల్లో ముప్పావు వంతు అక్కడే ఉంది. బ్లూటూత్‌లో సౌండు కుదించుకుని, గాల్లో వెళ్లి, మళ్లీ విప్పుకుని చెవికి చేరేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు పోతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సినిమా చూసేటప్పుడు అది తెలియదు, ఎందుకంటే ఫోను బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి చూపిస్తుంది. కీ మీద పడే నీ వేలిని మాత్రం ఎవరూ ఆలస్యం చేయలేరు కదా. కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టు, ఇంట్లో పాతవి పడున్నా సరే.

మిగతా పావు వంతు విండోస్ డ్రైవర్ సంగతి. ఎఫ్ఎల్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరిచి డివైస్ దగ్గర ఎఫ్ఎల్ స్టూడియో ఏఎస్ఐఓ ఎంచుకో, అది ఆలస్యం తగ్గించే డ్రైవర్, దాంతోపాటే వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అయితే ఏఎస్ఐఓ4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. తర్వాత బఫర్ చూడు, అంటే ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు ఎన్ని శాంపిళ్ల సౌండు పోగేసి పంపాలో ఆ లెక్క. 44,100 శాంపిల్ రేటులో (సెకనుకు అన్ని శాంపిళ్లు) బఫర్ 512 అంటే దాదాపు 11.6 మిల్లీసెకన్లు, 128 అంటే దాదాపు 3. వైర్లలో, డ్రైవర్లలో ఇంకొంచెం కలుస్తుంది. గాల్లో శబ్దం ఒక మీటరు నడవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్టేజీ మీద నీకు మూడు మీటర్ల అవతల డ్రమ్స్ ఉన్నట్టు, అలా ఎన్ని ప్రోగ్రాములు వాయించలేదు నువ్వు? 128 పెట్టు, చిటపటమంటే 256కి వెళ్లు, అంతకంటే దీని మీద టెన్షన్ వద్దు. వాయించి రికార్డు చేయడం అయిపోయి మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1024 పెట్టుకున్నా నష్టం లేదు, ల్యాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక ఏ శాంప్లర్ మంచిదనే ప్రశ్న. నాకు రోజూ వచ్చే ప్రశ్నే ఇది, అడిగేవాళ్లలో చాలామంది దగ్గర అప్పటికే అరడజను శాంప్లర్లు ఇన్‌స్టాల్ అయ్యి ఉంటాయి. డ్రమ్ శాంప్లర్ చేసే పని చాలా చిన్నది: ఏ కీ కొడితే ఏ సౌండు ఫైలు మోగాలి, ఎంత గట్టిగా కొడితే ఎలా మోగాలి, ఏది మోగితే ఏది ఆగాలి. ఈ మూడూ చేసే ప్రతి శాంప్లరూ నీకు చాలు. 1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 అనే మెషిన్, అసలు డ్రమ్స్ రికార్డింగులను డిజిటల్‌గా దాచుకుని మోగించిన మొదటి డ్రమ్ మెషిన్, దాని ధర దాదాపు 5,000 డాలర్లు, అందులో ఉన్నవి 12 సౌండ్లు. క్రాష్ సింబల్ కూడా లేదు, ఎందుకంటే సింబల్ మోత చాలాసేపు సాగుతుంది, అంత మెమరీ పెట్టడం ఆ రోజుల్లో ఖరీదైన వ్యవహారం. ఆ పన్నెండుతో ఆ దశాబ్దంలో ఎన్ని హిట్ పాటలు వచ్చాయో లెక్కలేదు. నీ దగ్గర 40 జీబీ.

ఆ 40 జీబీ ఫోల్డర్ పేరు మార్చి ఎక్స్‌టర్నల్ డ్రైవులోకి తోసెయ్. డిలీట్ చేయమంటే నీకు ప్రాణం ఒప్పదు, అందుకని తోసెయ్ అంటున్నా. అందులోంచి ఒక్క కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), ఒక్క స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్), మూసిన హైహ్యాట్ (జంట కంచు పళ్లాలు), తెరిచిన హైహ్యాట్, ఒక క్లాప్, రెండు టామ్స్, ఒక క్రాష్, ఒక షేకర్, నాలుగైదు పర్కషన్ సౌండ్లు బయటికి తీసుకుని వేరే ఫోల్డర్లో పెట్టుకో. వచ్చే రెండు పాటలకు అవే. కొత్త కిక్ కోసం వెతకాలనిపిస్తే ఉన్న కిక్‌నే ట్యూనింగ్ నాబ్‌తో కిందికి దించి చూడు, సగంసార్లు నువ్వు వెతుకుతున్నది అదే అయ్యుంటుంది.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, ముందు నీ కీబోర్డు వచ్చిన డబ్బా వెతుకు. చాలా మిడీ కీబోర్డులతో ఏబుల్టన్ లైవ్ లైట్ అనే సాఫ్ట్‌వేర్ కోడ్ ఇస్తారు, అందులో డ్రమ్ రాక్ అనే శాంప్లర్ ఉంటుంది, మొదలుపెట్టడానికి నా దృష్టిలో అంతకంటే సాఫీ అయినది లేదు. కోడ్ లేకపోతే ఎఫ్ఎల్‌లో ఉన్న ఎఫ్‌పీసీ అనే శాంప్లర్ చాలు, 16 ప్యాడ్లు, ఏ, బీ అని రెండు బ్యాంకులు. కానీ ఒకటి గుర్తుంచుకో, ఎఫ్ఎల్ ట్రయల్‌లో ప్రాజెక్టు సేవ్ అవుతుంది గానీ లైసెన్సు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, రాత్రంతా కూర్చుని చేసింది పొద్దున తెరవబోతే ఉసూరుమంటావు. కొనే ఉద్దేశం ఇప్పట్లో లేకపోతే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకో, 60 రోజులు పూర్తిగా పనిచేస్తుంది, తర్వాత సొంతంగా చేసుకునేవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. దాంట్లోకి సితాల అనే ఉచిత శాంప్లర్ వెర్షన్ 1 పెట్టు, 16 ప్యాడ్లు, ఒక్కో ప్యాడ్‌కు ఆరే ఆరు నాబ్‌లు, ఫైలు తెచ్చి ప్యాడ్ మీద పడేస్తే మోగుతుంది. అసలు డ్రమ్‌సెట్ సౌండు కావాలంటే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ ఉచితం, తెరిచినప్పుడల్లా విరాళం అడిగే తెర ఒకటి వస్తుంది, స్కిప్ నొక్కితే పోతుంది. సౌండ్ లైబ్రరీలు మోగించే కాంటాక్ట్ ప్లేయర్ కూడా ఉచితమే, కానీ పూర్తి కాంటాక్ట్ ఉంటేనే నడిచే లైబ్రరీలు అందులో 15 నిమిషాలకు ఆగిపోతాయి, అది నీ ల్యాప్‌టాప్ జబ్బు కాదు. క్రాక్ వెర్షన్ల గురించి నువ్వు అడగలేదు, కానీ నీ చుట్టూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తామంటూనే ఉంటారు. వద్దు. దాంతో వచ్చే వైరస్ నీ ప్రాజెక్టులను కూడా తినేస్తుంది.

8 జీబీ ర్యామ్ చాలా అని అడక్కముందే చెప్తా, చాలు. స్టీరియో, 24 బిట్, 44,100 రేటులో ఒక సెకను సౌండు పావు ఎంబీ కంటే కాస్త ఎక్కువ, అంతే. పదహారు దెబ్బలు, ఒక్కోటి సెకను అనుకున్నా నాలుగైదు ఎంబీలు దాటదు. ఏడెనిమిది మైకులతో తీసిన పెద్ద పెద్ద డ్రమ్‌సెట్ లైబ్రరీలు వేస్తేనే ర్యామ్ మూలుగుతుంది.

కీలు ఎక్కడ ఏది మోగాలనే దానికి ఒక పద్ధతి ఉంది, జనరల్ మిడీ అంటారు. కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచింది 46, క్రాష్ 49, రైడ్ 51. ఈ నంబర్లే పట్టుకో, సీ1, సీ2 అనే పేర్లు నమ్ముకోకు, ఎందుకంటే అదే 36ని ఒక సాఫ్ట్‌వేర్ సీ1 అంటుంది, ఇంకోటి సీ2 అంటుంది, ఎఫ్ఎల్ ఏకంగా సీ3 అంటుంది. ఇంకో చిక్కు, చాలా 25 కీల కీబోర్డులు ఆన్ చేయగానే 48 దగ్గర మొదలవుతాయి, కాబట్టి కిక్ మోగదు, శాంప్లర్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆక్టేవ్ డౌన్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు.

మెషిన్‌లా ఉంటోందన్నావు. అది శాంప్లర్ తప్పు కాదు, నువ్వు మౌసుతో గడుల్లో చుక్కలు పెడుతున్నావు, ప్రతి చుక్కా ఒకే బలంతో పడుతోంది. మిడీలో బలాన్ని 1 నుంచి 127 దాకా కొలుస్తారు, వెలాసిటీ అంటారు. స్టేజీ మీద నువ్వు ప్యాడ్ కొట్టేటప్పుడు రెండు దెబ్బలు ఒకేలా పడతాయా? పడవు. హైహ్యాట్ వరసలో తాళం పడేచోట 100 దగ్గర, మధ్యలోవి 55, 70 మధ్య పెట్టు, స్నేర్ పెద్ద దెబ్బల మధ్య 25, 35తో చిన్న తట్లు వేసి చూడు, అవి విడిగా వినపడకూడదు, తీసేస్తే మాత్రం ఏదో పోయినట్టు అనిపించాలి. హ్యూమనైజ్ అనే బటన్ ఒకటి ఉంటుంది, అది బలాలను లాటరీ వేసినట్టు మార్చేస్తుంది, మనిషి అలా వాయించడు, మనిషి తాళం తెలిసి వాయిస్తాడు. దాని బదులు కీబోర్డు మీద నువ్వే వాయించు, ముందు కిక్, స్నేర్, రెండోసారి దాని మీద హైహ్యాట్, టైమింగ్ మరీ తప్పినవి మాత్రమే మౌసుతో సర్దు. దెబ్బలను గడుల్లోకి లాగే క్వాంటైజ్ నూటికి నూరు పెట్టకు, 60, 70 శాతం దగ్గర ఆపు. నీ చెయ్యి బాగానే ఉంటుంది, పెళ్లి బరాత్‌లో గంటలు గంటలు వాయించిన చెయ్యి అది.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. తెరిచిన హైహ్యాట్ మోగుతుండగా మూసినది పడితే మొదటిది ఆగాలి, అసలు డ్రమ్‌సెట్‌లో కాలితో మూస్తే అదే జరుగుతుంది, దీనికి రెండింటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టాలి, కొన్నింట్లో కట్ గ్రూప్ అని ఉంటుంది. రెండోది, స్నేర్ రోల్ వేస్తే మెషిన్ గన్‌లా టకటకమనడం, అది ఒకే ఫైలు పదేపదే మోగడం వల్ల. ఒకే దెబ్బవి నాలుగు వేర్వేరు రికార్డింగులు ఉంటే వాటిని వంతులవారీగా మోగించే సదుపాయం ఉంటుంది, రౌండ్ రాబిన్ అంటారు. డప్పు దగ్గర ఇది తప్పనిసరిగా పనికొస్తుంది.

తీన్మార్ కుదరకపోవడానికి కారణం నాకు చూడకుండానే తెలుసు. సాఫ్ట్‌వేర్ తెరవగానే వచ్చేది 4/4, ఒక్కో బీటుకు నాలుగు గడులు, మన భాషలో చతురశ్రం. తీన్మార్ దరువు నడిచేది మూడు మూడుగా, తిశ్రంలో. నాలుగు గడుల్లో మూడు దెబ్బలు ఎలా సర్దినా ఒక కాలు కుంటుతూనే ఉంటుంది, ఎన్ని కిట్లు మార్చినా అంతే. టైమ్ సిగ్నేచర్ 6/8 పెట్టు, లేదా 4/4లోనే ఉండి గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చు: ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్ 3 నొక్కాలి, ఎఫ్ఎల్ పియానో రోల్‌లో స్నాప్ 1/3 బీట్ పెట్టాలి, రీపర్‌లో గ్రిడ్ పక్కనే ట్రిప్లెట్ ఉంటుంది. రోజర్ లిన్ మెషిన్లలో మొదలైన స్వింగ్ అనే నాబ్ కూడా ఉంది, ఆ మెషిన్ల లెక్కలో అది 50 శాతం దగ్గర తిన్నగా నడిచి, 66 దగ్గర అచ్చం తిశ్రం అవుతుంది. నిజం చెప్పాలంటే జానపదానికి పట్టు ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, 58, 60, 62 పెట్టి విను, కాలు ఎక్కడ కదిలితే అక్కడ ఆపు.

ఇప్పుడు డప్పు. పెట్టుకోవచ్చా అని అడిగావు, పెట్టుకోవచ్చు కాదు, పెట్టుకోవాలి. నెట్‌లో దొరికే ఇండియన్ పర్కషన్ కిట్లలో తబలా, ఢోలక్ గుట్టలుగా ఉంటాయి, డప్పు ఉన్నా రెండు మూడు దెబ్బలు, అదీ ఎవరో పెద్ద హాల్లో తీసి ప్రతిధ్వనితో సహా ఇచ్చింది. మీ ఊర్లో వాయించేవాళ్లు ఉంటారు, ఒక పూట అడుగు, ఆ పూటకు డబ్బులు కూడా ఇవ్వు, ఊరకే పిలవకు. పాటలో ఎవరి దెబ్బ ఉందో వాళ్ల పేరు వెయ్యి.

తోలు డప్పు అయితే మంట దగ్గర కాచి బిగిస్తారు కదా, చల్లారుతున్నకొద్దీ తోలు సడలి శృతి దిగుతుంది. కాబట్టి కాచిన వెంటనే అన్ని దెబ్బలూ తీసేయాలి, మధ్యలో చాయ్‌కి లేస్తే మళ్లీ కాచి మళ్లీ మొదటి నుంచి తియ్యాలి, లేదంటే సగం దెబ్బలు ఒక శృతిలో, సగం ఇంకో శృతిలో ఉంటాయి. వానాకాలం అయితే మరీను. లావు సిర్ర దెబ్బ వేరు, సన్నటి సిటికెన పుల్ల దెబ్బ వేరు, నడి మధ్యలో ఒకటి, అంచు మీద ఒకటి, చేత్తో ఆపిన దెబ్బ ఒకటి, ఇంకా వాయించే ఆయనకు తెలిసినవేవో ఉంటాయి, నీ జాబితా ఆయన ముందు పెట్టకు, ఆయన్నే అడుగు. ఒక్కో దెబ్బ మెల్లగా, మామూలుగా, గట్టిగా, మూడు బలాల్లో, ఒక్కో బలానికి నాలుగుసార్లు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మోత పూర్తిగా ఆరేదాకా ఆగమను. చివర్లో పూర్తి దరువు కూడా నాలుగు నిమిషాలు వాయించమని తీసుకో, వాడినా వాడకపోయినా వెలాసిటీలు పెట్టేటప్పుడు నీకు అదే గురువు.

మైకు లేకపోతే ఫోనుతో తియ్యొచ్చు, కాకపోతే వాట్సాప్ వాయిస్ నోట్ కాదు బాబూ, సౌండును కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేసే యాప్ ఒకటి వేసుకుని అందులో ఆటో గెయిన్ ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే గట్టి దెబ్బను అణిచి, మెల్లటిదాన్ని పెంచి అన్నీ ఒకేలా చేసిపెడుతుంది, మనం మూడు బలాలు తీసిందంతా దండగ. ఫోను తోలుకు దగ్గరగా పెట్టకు, డప్పు దగ్గర నిలబడితే చెవులే గింగుర్లెత్తుతాయి, ఫోను మైకు పగిలినట్టు మోగుతుంది. ఒక మీటరు దూరం, కొంచెం పక్కకు. గట్టి దెబ్బ కూడా యాప్‌లోని సౌండు మీటరులో మైనస్ 10 డీబీ దగ్గరే ఆగాలి. బండల గదిలో గోడలు గొంతు కలుపుతాయి, పరుపులు, దుప్పట్లు ఉన్న గది నయం, లేదా ఊరు నిద్రలేవకముందు పొలం దగ్గర, గాలి లేనప్పుడు.

తర్వాత పని ఓపికది. సౌండు కోసి సర్దే ఆడాసిటీ ఉచితం, అందులో ఒక్కో దెబ్బనూ వేరు చెయ్. దెబ్బకు ముందు ఖాళీ ఏమీ మిగలకుండా కొయ్యి, అక్కడ 15 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగిలినా ప్రతి దెబ్బా ఆలస్యంగా పడుతుంది, నువ్వేమో మళ్లీ బఫర్ మీద పడతావు. తోక మాత్రం హడావుడిగా కొయ్యకు, మెల్లగా ఫేడ్ చెయ్. అన్నిటికంటే పెద్ద హెచ్చరిక, ఒక్కో ఫైలునూ విడివిడిగా నార్మలైజ్ చెయ్యకు (అంటే దాని గరిష్ఠ స్థాయి దాకా పెంచకు), మెల్లటి దెబ్బ మెల్లగానే ఉండాలి. పెంచాలంటే అన్నిటినీ కలిపి ఒకే కొలతతో పెంచు. ఫైళ్లకు సిర్ర_మధ్య_గట్టి_1 లాగా అర్థమయ్యే పేర్లు పెట్టు. శాంప్లర్లో 1 నుంచి 50 దాకా మెల్లటివి, 51 నుంచి 95 దాకా మామూలువి, ఆ పైన గట్టివి, చెవితో విని సర్దుకో. బలానికో ఫైలు పెట్టే ఈ పొరల పని సితాలలో అవదు, అక్కడ ప్యాడ్‌కు ఒకటే సౌండు, ఎఫ్‌పీసీ గానీ డ్రమ్ రాక్ గానీ కావాలి. రీపర్‌లో అయితే శాంపులోమాటిక్ 5000 అని దాంతోపాటే ఒకటి వస్తుంది, పేరు వింటే భయమేస్తుంది గానీ పని సులువే, ఒక్కో పొరకు ఒకటి పెట్టి వెలాసిటీ హద్దులు ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌ను మళ్లీ కదపకు, పేరు మార్చకు, మారిస్తే శాంప్లర్ ఫైలు కనపడట్లేదంటుంది. రెండు కాపీలు పెట్టుకో, ఒకటి ఇంట్లో కాకుండా వేరేచోట.

సినిమా పాటలోంచి బీటు కట్ చేయడం తప్పేనా అంటే, తప్పే. ఆ రికార్డింగు హక్కు ఆడియో కంపెనీది, చిన్న ముక్కైనా, పిచ్ మార్చినా. యూట్యూబ్‌లో పెడితే, వేరేవాళ్ల పాటలను పోల్చి పట్టే కంటెంట్ ఐడీ పట్టుకుంటే ఆ డబ్బులు వాళ్లకు పోతాయి, లేదా వీడియోనే పోతుంది. ఆ బీటు నచ్చితే విని, నీ కిట్‌తో కొత్తగా వాయించు. ఫ్రీసౌండ్ అనే సౌండ్ల సైటులో తీసుకునేవాటికి కూడా లైసెన్సు చూడు: సీసీ0 అయితే ఎలాగైనా వాడుకోవచ్చు, సీసీ బై అయితే పేరు చెప్పాలి, ఎన్‌సీ అని ఉంటే డబ్బులొచ్చే పనికి వాడకూడదు.

ప్యాడ్ కంట్రోలర్ కొనకు. ఆక్టోప్యాడ్ నీ సొంతమో ట్రూపుదో రాయలేదు, ట్రూపుదైనా ప్రోగ్రాములు లేని రోజుల్లో తెచ్చుకోవచ్చు. రోలాండ్ ఎస్‌పీడీ-30 అయితే వెనకాల యూఎస్‌బీ ఉంది, నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టు. ఎస్‌పీడీ-20 అయితే అయిదు పిన్నుల మిడీ అవుట్ ఉంటుంది, దానికి మిడీ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కావాలి. ఒక్కో ప్యాడ్ ఏ నోట్ నంబరు పంపాలో ప్యాడ్ సెట్టింగ్స్‌లోనే మార్చుకోవచ్చు: కిక్‌కు 36, స్నేర్‌కు 38, మిగతా ఆరింటికి డప్పు దెబ్బలు ఏ నంబర్ల మీద పెట్టావో అవి. ప్యాడ్ సొంత సౌండు వాల్యూమ్ సున్నా చేసుకో, లేకపోతే రెండు సౌండ్లూ కలిసి వినిపించి మళ్లీ ఆలస్యం ఉందని నాకు ఉత్తరం రాస్తావు.